నాలుగు ఒకటైన కథ



ఉగాది నాడు మన హాలు దగ్గర ఏం జరిగిందో సభ్యుల్లో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. జరిగింది కొంత, కల్పించింది కొంత కలిసి వాట్సాప్‌లో తిరుగుతోంది. అందుకని కార్యవర్గం తరఫున జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది. అక్షరాల గురించి, ఇటలీలోని ఒక అచ్చుపనివాడి గురించి కూడా చెప్పాల్సి వచ్చింది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మన ఉగాది సభ సాయంత్రం నాలుగు గంటలకు. మధ్యాహ్నం ఒంటి గంటకే పదకొండు మంది పెద్దవాళ్ళు గేటు ముందు నిలబడి ఉన్నారు. గేటుకు తాళం. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళాడు. మన చెన్నైలో ఆ వేళ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాళ్ళలో ముగ్గురు ఆటో మాట్లాడుకుని పెరంబూరు నుంచి వచ్చారు. పండగ పూట ఒంటి గంటకు పిలిచారంటే భోజనాలు పెడతారని అనుకుని ఇంట్లో తినకుండా వచ్చారు. ఒకావిడకు కళ్ళు తిరిగితే ఎదురింటివాళ్ళు లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారట. మాకు ఫోను వచ్చేసరికి రెండయింది.

పరుగెత్తుకుని వెళ్ళాక మా నోట వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కార్డు సరిగ్గా చూసుకోలేదేమోనండీ" అన్నాం. ఒక పెద్దాయన ఏమీ మాట్లాడకుండా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి మా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది ఒకటే. నాలుగు కాదు.

అచ్చు వేయించిన కార్డులో మాత్రం నాలుగే ఉంది. ఆండర్సన్ వీధిలో మంచి మందపాటి ఆర్ట్ కాగితం ఎంచి రెండు వందల కార్డులు వేయించాం. అవి చాలలేదు. మళ్ళీ వేయించే టైము లేక, డబ్బూ లేక, వీధి చివర జెరాక్స్ షాపులో అరవై కాపీలు తీయించాం. ఆ అరవై ఎవరికి వెళ్ళాయి? వాట్సాప్ లేనివాళ్ళకు, ఈమెయిలు చూడనివాళ్ళకు, ఇంటికి వెళ్ళి చేతికిస్తే తప్ప తెలియనివాళ్ళకు. అంటే మనలో అందరికంటే పెద్దవాళ్ళకు. మంచి కార్డులు ఫోనులో కూడా చూసుకోగలిగినవాళ్ళకు ఇచ్చి, మసక కాగితాలు కళ్ళు సరిగా ఆననివాళ్ళకు ఇచ్చాం. కావాలని కాదు. కానీ అలాగే జరిగింది.

ఇక నాలుగు ఒకటి ఎలా అయింది? కార్డు మీద ఇంగ్లీషంతా బొడోని అనే టైపులో ఉంది. పేరు తెలియకపోయినా ఈ టైపును మీరు వందసార్లు చూసి ఉంటారు. నిలువు గీతలు లావుగా నల్లగా ఉంటాయి, అడ్డ గీతలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. అక్షరం కాళ్ళ కింద, తల మీద బ్లేడుతో కోసినట్టు తిన్నని సన్న గీతలుంటాయి. సెంటు సీసాల మీద, నగల ప్రకటనల్లో, ఫ్యాషన్ పత్రికల అట్టల మీద ఈ జాతి అక్షరాలే కనిపిస్తాయి. వోగ్ పత్రిక పేరు కూడా దీని చుట్టం దిదో పోలికల్లోనే ఉంటుంది. చూడగానే ఖరీదైనదేదో అనిపిస్తుంది. మా కార్డు చూసి మేమూ అలాగే మురిసిపోయాం.

ఈ టైపులో 4 అంకెను ఒకసారి గమనించండి. అందులో లావైన గీత నిలువుది ఒక్కటే. ఏటవాలు గీత, అడ్డ గీత రెండూ వెంట్రుక గీతలే. పాత జెరాక్స్ మిషను ఆ రెంటినీ మింగేసింది. మిగిలిన నిలువు గీత ఒకటిలా నిలబడింది. హాలు అనే ఇంగ్లీషు మాటలో హెచ్ అక్షరం మధ్య గీత పోయి రెండు స్తంభాలు మిగిలాయి. ఎన్ అక్షరంలో అయితే నిలువు గీతలే సన్నవి, అవి రెండూ పోయి ఏటవాలు దూలం ఒక్కటే మిగిలింది. మాటల్లో అక్షరం పోయినా పక్క అక్షరాల సాయంతో ఊహించుకుని చదువుకుంటాం. అంకెకు ఆ సాయం లేదు. ఒకటి అని కనిపిస్తే ఒకటే.

తర్వాతి ఆదివారం కార్యవర్గం కూర్చుంది. కార్డు తయారు చేసింది మనలో ఒకరి అమ్మాయి. డిజైన్ చదువుతోంది. ఒక్క రూపాయి తీసుకోకుండా రెండు వారాలు కష్టపడి చేసింది. అందరూ ఆ పిల్ల మీద పడ్డారు. నిజం చెప్పాలంటే మేమూ పడ్డాం. ప్రూఫు మీద సంతకాలు మావే అన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు.

అమ్మాయి ఊరుకోలేదు. "సన్నగీతల మీద ఈ కంప్లయింటు రెండొందల అరవై ఏళ్ళ నుంచీ ఉంది" అంటూ మాకొక కథ చెప్పింది. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ అని ఒకాయన ఉండేవాడు. 1757లో వర్జిల్ కావ్యాలు అచ్చువేసి పేరు తెచ్చుకున్నాడు. అప్పటిదాకా ఉన్న అక్షరాలకంటే ఆయనవి లావు సన్నాల తేడా ఎక్కువగా ఉండేవి, కాగితం నున్నగా ఉండేది, సిరా చిక్కటి నలుపు. గిట్టనివాళ్ళు ఈ అక్షరాలు చదివితే జనానికి కళ్ళు పోతాయన్నారు. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయనా స్వయంగా ప్రింటరే, అలా అన్న ఒకాయన్ను పరీక్షించాడు. క్యాస్లన్ టైపుల నమూనా కాగితం, అంటే అందరూ రోజూ చదివే మామూలు అక్షరాలది, పైన పేరు చింపేసి తెచ్చి ఇవే బాస్కర్‌విల్ అక్షరాలని చూపించాడు. ఆ పెద్దమనిషి అందులో అక్షరం అక్షరానికీ తప్పులు పట్టాడట. కళ్ళు నొప్పెట్టేది టైపు వల్ల కాదు, పట్టుదల వల్ల అని ఫ్రాంక్లిన్‌కు తెలిసిపోయింది. ఆ సంగతి ఆయనే 1760లో బాస్కర్‌విల్‌కు ఉత్తరం రాశాడు.

"మీరూ అంతే" అంది అమ్మాయి. కథ బాగుంది. మాలో కొందరు నవ్వారు కూడా. కానీ ఆ పదకొండు మందీ పేరు చూసి తప్పు పట్టలేదు. వాళ్ళకు బొడోని పేరే తెలియదు.

తెలియదనుకున్నాం. మూల కుర్చీలో కూర్చున్న తాతగారికి తెలుసు. ఆయన పేరు ఇక్కడ రాయవద్దన్నారు కాబట్టి తాతగారనే అంటాం. జార్జిటౌనులో ఒక తెలుగు ప్రెస్సులో ముప్పై ఏళ్ళకు పైగా కంపోజిటరుగా పనిచేశారు. ఆ రోజు గేటు ముందు నిలబడ్డవాళ్ళలో ఆయనా ఒకరు. జేబులోంచి భూతద్దం తీసి అసలు కార్డు, జెరాక్సు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది బొడోని కదమ్మా" అన్నారు. "మా ప్రెస్సులో ఉండేది. పెళ్ళి కార్డు మీద ఇంగ్లీషులో పిల్లా పిల్లవాడి పేర్లు దీంట్లోనే కూర్చేవాళ్ళం. పెద్ద సైజులో, మంచి కాగితం మీద. లోపలి మేటరు దీంట్లో ముట్టుకునేవాళ్ళం కాదు. ఈ సన్నగీతలు సీసంలో ముందు విరిగేవి ఇవే, అరిగేవి ఇవే. కేసులో కాస్త గట్టిగా పడేస్తే చాలు."

"మరి బొడోని సన్నగా ఎందుకు చేశాడు తాతా?" అంది అమ్మాయి.

"ఆయన మన జెరాక్స్ షాపుకు వెళ్ళలేదు కదమ్మా."

ఆ రాత్రి అమ్మాయి పంపిన పుస్తకాలు, మేము వెతుక్కున్నవి కలిపి చదివితే తాతగారు నవ్వులాటకు అన్నమాట అక్షరాలా నిజమని తేలింది. జాంబత్తిస్తా బొడోని 1740లో ఉత్తర ఇటలీలో సలూట్సో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రిదీ అచ్చు వృత్తే. కుర్రతనంలోనే రోముకు వెళ్ళి ప్రోపగాండా ఫీదే అనే చర్చి ప్రెస్సులో చేరాడు. ప్రపంచ భాషల్లో మతగ్రంథాలు వేయడానికి పెట్టిన ప్రెస్సు అది. అక్కడ తూర్పుదేశాల లిపుల టైపులను శుభ్రం చేసి సర్దే పని ఈయనకు అప్పగించారు. ఆయన వెళ్ళిపోయాక అదే ప్రెస్సు 1771లో దేవనాగరి గురించి, 1772లో మలయాళ లిపి గురించి పుస్తకాలు తెచ్చింది. మన తెలుగు అంతకు ముందే 1740ల్లో జర్మనీలోని హాలె పట్టణంలో షుల్జ్ అనే పాద్రీ చేతుల మీదుగా అచ్చెక్కింది. ఇది పక్కదారే, కానీ మనవాళ్ళు చాలామందికి తెలియదు కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాం.

బొడోనికి బాస్కర్‌విల్ అంటే ఆరాధన. ఆయన దగ్గరికి వెళ్దామని ఇంగ్లండుకు బయలుదేరి, దారిలో జబ్బుపడి ఇంటికి చేరాడు. తర్వాత 1768లో పార్మా పాలకుడు డ్యూక్ ఫెర్డినాండ్ తన ఆస్థాన ముద్రణాలయం చూసుకోమని పిలిచాడు. ఇక చనిపోయేదాకా, అంటే 1813 దాకా, ఆ ఊరే. మొదట్లో పారిస్ నుంచి ఫూర్నియే టైపులు తెప్పించి వాడాడు. క్రమంగా సొంతంగా ఉక్కు పోగుల మీద అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. రాగిరేకు మీద ఉలితో చెక్కే బొమ్మల గీతల్లో ఉండే సన్నదనాన్ని సీసపు అక్షరంలోకి తెచ్చాడు. అదే కాలంలో పారిస్‌లో ఫిర్మాన్ దిదో కూడా అదే దారి పట్టాడు. ఎవరు ముందు అన్నది వాళ్ళ అభిమానులు ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉన్నారు. మనకు అనవసరం.

మనకు అవసరమైనది ఏమిటంటే, బొడోని ఎవరికోసం అచ్చువేశాడన్నది. రాజులకు, రాయబారులకు, పుస్తకాలు సేకరించే ధనవంతులకు. పెద్ద పెద్ద పుటలు, చుట్టూ విశాలమైన అంచులు, మధ్యలో కొద్దిగా అక్షరాలు. నున్నని కాగితం, మంచి సిరా, తొందర లేని మనుషులు. స్పెయిన్ రాజు బిరుదు ఇచ్చాడు, నెపోలియన్ పింఛను ఇచ్చాడు. 1787లో ఆ ఫ్రాంక్లినే మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ పుస్తకాలు చదవడానికంటే చూడటానికే ఎక్కువ అని ఆ రోజుల్లోనే అన్నవాళ్ళున్నారు. వందేళ్ళ తర్వాత ఇంగ్లండులో విలియం మోరిస్ అయితే ఈ అక్షరాలను ఘాటుగా తిట్టాడు. మాకు మాత్రం ఆ పెద్ద పుటల బొమ్మలు చూశాక తిట్టబుద్ధి కాలేదు. అంత నలుపు పక్కన అంత తెలుపు ఉంటే చూపు అక్కడే నిలిచిపోతుంది. అందం కాదనలేం.

అసలు విషయం మాకు ఇంకొక చోట దొరికింది. బొడోని పోయాక ఆయన భార్య మార్గెరిటా 1818లో ఆయన టైపులన్నిటి నమూనాలతో మాన్యువాలే తిపోగ్రాఫికో అనే గ్రంథం రెండు సంపుటాలుగా తెచ్చింది. అందులో రోమన్ అక్షరాలే 142 రకాలు. అన్ని రకాలెందుకని చూస్తే, చాలామటుకు సైజుల తేడాలు. ఒకదానికీ పక్కదానికీ వెంట్రుకవాసి తేడా. సీసం రోజుల్లో ఒక్కొక్క సైజును వేరుగా చెక్కాల్సిందే. అలా చెక్కేటప్పుడు పనివాడు చిన్న సైజులో సన్నగీతను కాస్త లావు ఉంచుతాడు, అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తాడు, మధ్య ఖాళీ పెంచుతాడు. అంటే పెద్ద బొడోని, చిన్న బొడోని ఒక ఇంటి అన్నదమ్ములే కానీ ఒకే మనిషి కాదు.

కంప్యూటరు వచ్చాక ఏమైంది? ఒక్క సైజు బొమ్మ గీసి దాన్నే ఎంత కావాలంటే అంతకు సాగదీయడం, కుదించడం. పెద్ద అక్షరాన్ని కుదిస్తే లావు గీత సన్నబడుతుంది, సన్నగీత మాయమవుతుంది. అమెరికాలో ఐటీసీ అనే సంస్థవాళ్ళకు ఈ తేడా తెలిసి, పార్మాలో బొడోని చెక్కిన అసలు ఉక్కు అచ్చులు చూసి వచ్చి, 1994లో 6, 12, 72 పాయింట్లకు మూడు వేరు వేరు బొమ్మలు గీయించారు. మన అమ్మాయి కంప్యూటరులో ఉన్నది పెద్ద అక్షరాల కోసం గీసినది ఒక్కటే. దాన్ని తొమ్మిది పాయింట్లకు కుదించి తేదీ, టైము, చిరునామా పెట్టాం. బొడోని చేయని పని ఆయన పేరుతో మనం చేశాం.

ఇది తెలిశాక అమ్మాయి ఏమీ వాదించలేదు. తాతగారింటికి వెళ్ళి క్షమాపణ చెప్పింది. మేము చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

కానీ టైపును అనుకుని ఊరుకుంటే అది సగం నిజమే. మిగతా సగం తెలుగుది. కార్డు మీద తెలుగు ఎంత ఉంది? పైన సంఘం పేరు, ఉగాది శుభాకాంక్షలు అనే మాట. అంతే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నదంతా ఇంగ్లీషులోనే. "సాయంత్రం నాలుగు గంటలకు" అని తెలుగులో ఒక్క ముక్క ఉండి ఉంటే, జెరాక్స్ మిషను ఎంత మింగినా ఎవరూ ఎండలో నిలబడేవాళ్ళు కాదు. పిల్లలకు తెలుగు చదవడం రాదని ఇంగ్లీషులో వేశాం. పిల్లలు ఎలాగూ ఫోనులో చూసుకున్నారు. కాగితం మీద చదివేది ఎవరో ఆలోచించలేదు. వావిళ్ళవారి ప్రెస్సు 1854లో మొదలైన ఊరు ఇది, చందమామ 1947లో పుట్టిన ఊరు ఇది. ఇక్కడి తెలుగు సంఘం ఉగాది కార్డులో తెలుగు రెండు వరుసలు.

దీనికి అమ్మాయి తనకు తోచిన పరిష్కారం తెచ్చింది. తెలుగును కూడా అదే అందంతో వేద్దామని, లావు సన్నాలు బాగా చూపిస్తూ కొన్ని మాటలు తనే గీసుకొచ్చింది. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడం కూడబలుక్కుని చదువుతుంది. పెద్దగా గీసినప్పుడు అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. మేము ఈసారి తెలివి తెచ్చుకుని, కార్డు సైజుకు కుదించి అదే షాపులో జెరాక్సు తీయించి తాతగారి ముందు పెట్టాం.

ఆయన "ముఖ్య అతిథి" అన్నచోట ఆగారు. థ కడుపులో చుక్క పోయింది. చుక్క పోతే అది ధ. "ఇప్పుడు అతిధి అయ్యాడు చూడండి. మనవాళ్ళు సగం మంది ఎలాగూ ఇలాగే తప్పు రాస్తారు, మీరు అచ్చు వేయించి మరీ నేర్పుతున్నారు" అన్నారు. సభ కింది చిన్న గీత పోయి సబ అయింది. భోజనం బోజనమైంది. ఇంగ్లీషులో సన్నగీత పోతే అక్షరం వికలాంగి అవుతుంది, చాలాసార్లు గుర్తుపట్టవచ్చు. తెలుగులో ఆ చిన్న గీతే, ఆ చుక్కే అక్షరాన్ని మార్చేస్తుంది. పైగా మనకు వరుస కింద ఒత్తులుంటాయి. అవి అసలు అక్షరంకంటే ఇంకా చిన్నవి. వాటిలో మళ్ళీ సన్నగీతంటే కంటికి ఆనదు.

మన అక్షరం పుట్టుకే వేరు కదా. తాటాకు మీద గంటంతో గీస్తే గీతంతా ఒకే మందంలో వస్తుంది, తిరుగుడంతా గుండ్రమే. లావు సన్నాలు చూపించే పాళీ ఆ చేతికి లేదు. అచ్చులోకి వచ్చాక తెలుగు టైపుల్లోనూ లావు సన్నాలు వచ్చాయి, పాత మదరాసు పుస్తకాల్లో అవి ఎంతో అందంగా ఉంటాయి. కానీ అక్కడ సన్నగీత కూడా గీతలాగే ఉంటుంది, వెంట్రుకలా కాదు. తాతగారు తమ దగ్గరున్న ఒక పాత పంచాంగం తెచ్చి అమ్మాయికి చూపించారు. ముతక కాగితం, అక్కడక్కడ సిరా పూసుకుంది. అయినా ఒత్తు ఒక్కటి పోలేదు. అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది. తర్వాత పంచాంగమే అడిగి పట్టుకెళ్ళింది.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, బొడోనిని వదిలేయడం లేదు. అట్ట మీద సంఘం ఇంగ్లీషు పేరు పెద్దగా అందులోనే ఉంటుంది, దాని చోటు అదే. తేదీ, టైము, చోటు మామూలు అక్షరాల్లో, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో వేస్తాం. టైము అంకెలోనూ మాటలోనూ రెండు రకాలుగా ఉంటుంది. ఏ కార్డయినా అచ్చుకు పంపే ముందు వీధి చివర షాపులో జెరాక్సు తీసి, ఆ జెరాక్సును తాతగారు అద్దం లేకుండా చదవాలి. అద్దం తీస్తే ప్రూఫు వెనక్కి వస్తుంది. జెరాక్సులు మాత్రం ఇక ముందు మేము పంచుకుంటాం, మంచి కార్డులు పెద్దల ఇళ్ళకు వెళ్తాయి. కాగితం ఖర్చు పెరుగుతుందని కోశాధికారి గారు సణిగారు. సణగడం ఆయన ఉద్యోగం.

తాతగారు, అమ్మాయి ఇప్పుడు ప్రతి శనివారం హాల్లో కలుస్తున్నారు. మొదట కార్డు కోసమే. ఇప్పుడు ఆమె పంచాంగం చదువుతుంటే ఆయన వింటున్నారు. మొన్న ఏదో వర్జ్యం దగ్గర ఇద్దరూ పోట్లాడుకుంటుంటే మేము మధ్యలో వెళ్ళలేదు.

ఉగాది నాడు ఆకలితో వెనక్కి వెళ్ళిన పదకొండు మందికీ కార్యవర్గం తరఫున మళ్ళీ క్షమాపణలు. కార్తీకంలో వనభోజనాలు పెడుతున్నాం. కార్డు ప్రూఫు, దాని జెరాక్సు రెండూ నోటీసు బోర్డు మీద పక్కపక్కన అంటించాం. వచ్చి చూసి తప్పులుంటే పెన్సిలుతో గుర్తు పెట్టండి. టైము మధ్యాహ్నం ఒంటి గంట. ఈసారి అది నిజంగా ఒకటే. భోజనం ఉంది, తినకుండా రండి.